ఆడపిల్ల పుట్టిందా, సంతోషం!



మొన్న మా వీధిలో ఒకమ్మాయికి కాన్పయింది. చూడబోతే, గుమ్మంలోనే వాళ్ళ పెద్దావిడ ఎదురొచ్చి "మళ్ళీ ఆడపిల్లేనమ్మా" అంది, ఏదో పోగొట్టుకున్నదానిలా. నాకు న్యూజిలాండ్ అడవుల్లో ఉండే కాకపో అనే చిలక గుర్తుకొచ్చింది. ఆ చిలకల ఇంట ఆడపిల్ల పుడితే పండగే మరి!

ఇది మన జామచెట్టు మీద వాలే చిలకలాంటిది కాదు. ఎగరలేదు. నాచురంగు ఒళ్ళు, రెండు కిలోల పైబడి బరువు, రాత్రిళ్ళు నేలమీద నడక. ఆపద వస్తే కదలకుండా కూర్చోవడమే దీనికి తెలుసు. మనుషులు ఓడల్లో పిల్లుల్నీ, ఎలుకల్నీ, ముంగిసలాంటి స్టోట్లనీ తెచ్చాక దీనికి నూకలు చెల్లాయి. శత్రువులు లేని చిన్న దీవులకి చేర్చి కాపాడుతూ వచ్చినా, 1995 నాటికి మిగిలినవి 51.

సంసారం చూడండి. మగది నేలమీద గుంట చేసుకుని అందులో కూర్చుని రాత్రంతా బుం బుం అని మోగిస్తుంది. ఆ మోత పట్టుకుని ఆడది నడిచివెళుతుంది. ఆ తరవాత గుడ్లు పెట్టడం, పొదగడం, పిల్లల్ని సాకడం అంతా తనొక్కతే. అయ్యగారు గూటివైపు తొంగికూడా చూడరు. (ఇది చదివి వినిపిస్తుంటే మావారు పేపరు అడ్డం పెట్టుకున్నారు.) అదైనా ఏటా కాదు. రిము చెట్లు విరగకాసిన ఏడే, అంటే రెండేళ్ళకో నాలుగేళ్ళకో ఒకసారి.

తిండి మనమే పెడితే ఎక్కువసార్లు గుడ్లు పెడతాయేమోనని, పుట్టింటికొచ్చిన కూతురికి పెట్టినట్టు పెట్టారు. తల్లులు ఒళ్ళు చేశాయి. తీరా చూస్తే పిల్లల్లో మగవే ఎక్కువ! ఒక్క మగదానితో ఎన్నో ఆడవి జతకడతాయి, కానీ గుడ్డు పెట్టాల్సింది ఆడదేగా. బాగా తిన్న తల్లులకే కొడుకులు ఎక్కువని 2002లో శాస్త్రజ్ఞులు లెక్కకట్టి చూపారు. అప్పట్నుంచి తల్లుల్ని తూకం వేసి, బక్కచిక్కిన వాటికే, అదీ కొలతగా పెట్టసాగారు. ఆడపిల్లలు కలగడం మొదలైంది. ఇది పిట్టల సంగతి సుమా, కడుపుతో ఉన్న కోడళ్ళకి అన్నం తగ్గించేరు!

తల్లి మేతకి వెళ్ళినప్పుడు దగ్గర్లో గుడారం వేసుకుని మనుషులు కాపలా ఉండేవారు. ఆలస్యమైతే గుడ్లు చల్లబడకుండా వెచ్చటి మెత్త కప్పేవారు. 2022 నాటికి కాకపోలు 252 అయ్యాయి.

ఇదంతా మా పెద్దావిడకి చెప్పాను. "చలిలో అలా కూర్చున్నందుకు జీతమెంతిస్తారే?" అనడిగింది. చాలామంది ఊరికే వచ్చి కూర్చున్నారన్నాను. నమ్మలేదు.

ఇక సెలవు.