సోఫా కంటే ముందు టేపు

కొత్త ఇంట్లో దిగగానే చాలామంది చేసే పొరపాటు, హాలు కొలవకుండా సోఫా కొనడం. షోరూం విశాలంగా ఉంటుంది కనుక అక్కడ ఏ సోఫా అయినా చిన్నగానే కనిపిస్తుంది. ముగ్గురు కూర్చునేది దాదాపు 7 అడుగులుంటుంది. మన 10 అడుగుల గదిలోకి వచ్చాక నడిచే దారి ఇరుకైపోతుంది. మా సోఫా అయితే లిఫ్టులో పట్టక నాలుగంతస్తులు మెట్లెక్కింది. మోసినవాళ్ల చూపులు ఇంకా గుర్తే!

కొనేముందు పాత దినపత్రికలు సోఫా కొలతకి నేలమీద పరిచి, రెండు రోజులు వాటి చుట్టూ తిరిగి చూడండి. మనిషి నడవడానికి రెండున్నర అడుగులైనా వదలాలి. గుమ్మం, లిఫ్టు, మెట్ల మలుపు కూడా కొలవండి.

అన్నట్టు, చెక్క బీరువాను చెమ్మగోడకి ఆనించకండి. గాలి ఆడక వానాకాలంలో వెనకాల బూజు పడుతుంది. నాలుగు వేళ్ల సందు వదిలితే చాలు.