పెరటి సువాసనలు

కూరగాయలు అంగడినుండి వచ్చిన రావచ్చును గాని, కూరకు వాసననిచ్చు ఆకు మాత్రము ఇంటనే మొలవవలెనని మేము ఈ ప్రసంగమున చెప్పదలచితిమి. డబ్బు మిగులునని చెప్పు మాట కాదిది. ఒక రెమ్మ కరివేపాకునకై చెట్టును, ఒక కట్ట కొత్తిమిరికై మడిని పెంచుట చిట్టాలో వ్రాసి చూచినచో పెద్ద లాభముగా కనబడదు. లాభము వేరొకచోట నున్నది. వంకాయ రెండు దినములు బుట్టలో నున్నను వంకాయయే. కొత్తిమిరి రెండు దినములున్నచో రంగు పచ్చగానే యుండవచ్చును, పేరు కొత్తిమిరియే కావచ్చును. దేనికొరకు దానిని కొంటిమో అది మాత్రము అందులో మిగులదు.

ఇందుకు కారణము కంటికి కనబడునట్టిదే. కరివేపాకును వెలుతురునకు ఎదురుగా పట్టి చూడుడు. సూదిమొనతో పొడిచినట్లు సన్నని చుక్కలు తోచును. అవి తైలగ్రంథులు. పరిమళమంతయు వానిలో నున్నది. ఆ తైలము నువ్వులనూనెవలె కుదురుగా నుండునది కాదు. గాలి సోకినచో ఎగిరిపోవును. ఆకు నలిగినను, వడలినను, ఎండ తగిలినను పోవుచునే యుండును. చేలో కోసిన ఆకు కట్టలుగా కట్టబడి, గోనెలలో క్రుక్కబడి, రాత్రియంతయు లారీపై ప్రయాణము చేసి, తెల్లవారిన తరువాత నీళ్లు చల్లించుకొని మనయెదుటికి వచ్చును. నీళ్లవలన ఆకు నిగనిగలాడును గాని పోయిన వాసన తిరిగి రాదు. పెరటిలో త్రుంచిన రెమ్మ పొయ్యి చేరుటకు పది అడుగులు చాలును. ఆ పది అడుగులే మనము సంపాదించు లాభము.

మరియొక సంగతి కూడ కలదు. సొరకాయను చెక్కు తీసి ఉడికింతుము. పుదీనను, కొత్తిమిరిని కడిగి పచ్చిగానే నూరి తిందుము. కావున ఆ ఆకుపై చల్లినదేదైనను మనకు నేరుగా చేరును. పురుగుమందుల అవశేషముల కారణమున మనదేశపు కరివేపాకు ఐరోపా సమాఖ్యవారు తమ సరిహద్దులలో అధికముగా తనిఖీ చేయు సరకుల పట్టికలో పలుయేండ్లు నిలిచినది. రైతును నిందించుటకై ఇది చెప్పుట లేదు. అంగడిలో ఒక్క రంధ్రమున్న ఆకు కనబడినను కట్టను ప్రక్కకు నెట్టువారము మనమే. పెరటి ఆకునకు పది రంధ్రములున్నను అడుగువారు లేరు.

ఇంటికి నాలుగు మొక్కలు చాలును: కరివేప, కొత్తిమిరి, పుదీన, మెంతి. వీనిలో మొదటిది చెట్టు, దాని సంగతి దీర్ఘమైనది.

కరివేపను విత్తనమువలన గాని, తల్లిచెట్టు మొదట వేళ్లనుండి లేచు పిలకవలన గాని పెంచవచ్చును. వానలు మొదలగు దినములలో పండ్లు నల్లబడును. పండుపై గుజ్జు తీసివేసి, గింజను కడిగి, రెండుమూడు దినములలోపల నాటవలెను. ఈ గింజ ధనియమువలె డబ్బాలో దాచిపెట్టుకొనదగినది కాదు. ఆరినకొలది మొలకెత్తు శక్తి నశించును. పిలకను పెరికి లాగరాదు. చుట్టును మట్టి త్రవ్వి, కొంత వేరుతో సహా వేరుచేయవలెను. నేల లేనివారు అడుగున్నర లోతు గల తొట్టిలో నాటుకొనవచ్చును. తొట్టి అడుగున నీరు పోవు రంధ్రముండవలెను. పూటకు సగము దినమైనను ఎండ తగులు చోట నుంచవలెను. మేడమీద ఇండ్లలో నుండువారికి తూర్పు వైపునగాని దక్షిణపు వైపునగాని వసారా యున్నచో అది చాలును.

మొదటి సంవత్సరము ఆకు కోయకుండుట మేలు. మూరెడెత్తు పెరిగిన వెంటనే కొన త్రుంచినచో ప్రక్కకొమ్మలు వచ్చును. త్రుంచనిచో కఱ్ఱవలె పైకి పోయి నిచ్చెన లేనిదే అందదు. కోయునపుడు ఈనెనుండి ఆకులు దూయక రెమ్మను మొదలంట త్రుంచవలెను. దూసిన ఈనె చెట్టునకు బరువే గాని మరల ఆకు తొడుగదు. ఆకుకొరకు పెంచువారు పూగుత్తులను కూడ తీసివేయుదురు. పుల్లమజ్జిగ పోసిన చెట్టు గుబురుగా నెదుగునని పెద్దలు చెప్పుదురు. నీళ్లు కలిపి నెలకొకసారి పోసిన కీడు లేదు; మజ్జిగయే ఎరువనుకొని మాగిన పేడయెరువు మానుట మాత్రము తగదు.

ఈ చెట్టు శాస్త్రనామము చివర ‘కోయెనిగీ’ అను మాట యొకటి యున్నది. లిన్నేయసు పండితుని శిష్యుడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ అను వైద్యుని పేర అది వచ్చినది. ఆయన డెన్మార్కువారి తరంగంబాడి స్థావరమునకు వచ్చి, దక్షిణదేశమున వృక్షములను పరిశీలించుచు తిరిగి, తుదకు 1785లో మన కాకినాడయందలి జగన్నాథపురమున కన్నుమూసెను. అప్పుడు సామర్లకోటలో నున్న రాక్స్‌బర్గు ఆయనకు చికిత్స చేసిన మిత్రుడు. ప్రతిదినము మన పోపులో పడు ఆకు పేరునకు మన గోదావరిసీమతో ఇట్టి సంబంధ మున్నదని తెలిసినవారు తక్కువ.

కరివేపకు వచ్చు పురుగులు రెండు. మొదటిది సీతాకోకచిలుక పిల్ల. చిన్నతనమున పిట్టరెట్టవలె నుండి మోసగించును, పెరిగి పచ్చనిదగును. తాకినచో తలవెనుక నుండి చీలిన ఎఱ్ఱని కొమ్ము నొకదానిని బయటకు చాచి ఘాటుగా వాసన కొట్టును. పిల్లలకు చూపదగిన వింత యిది. లేత మొక్కపై నున్నచో ఏరివేయవలెను. ఎదిగిన చెట్టుపై రెండుమూడింటిని వాని మానాన విడుచుట మా పద్ధతి. రెండవది గోధుమరంగుగల అతి చిన్న పురుగు. లేతచిగురుపై తోక పైకెత్తి వాలుగా కూర్చుండి రసము పీల్చును. ముడుచుకొన్న చిగురును త్రుంచివేసి, లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనెను కొలదిగా సబ్బుతో కలిపి చల్లవలెను. చల్లిన పిమ్మట వారము దినములు ఆకు కోయక, కోసిన తరువాత బాగుగా కడుగవలెను.

ఈ రెండవ పురుగు కథ సముద్రములు దాటినది. నిమ్మజాతి చెట్లను చంపు ‘గ్రీనింగ్’ తెగులును ఒక చెట్టునుండి మరియొక చెట్టునకు మోయునది ఇదియే. కరివేపకు ఆ తెగులు బాధ లేదు గాని పురుగునకు అది ఇష్టమైన విడిది. అమెరికాలో ఫ్లోరిడా నారింజతోటలలో ఈ తెగులు 2005లో బయటపడినది. కాలిఫోర్నియాలో 2012లో కనబడినది. అందుచేతనే ఆ దేశమునకు పోవు ప్రయాణికులు తాజా కరివేపాకును తీసికొనిపోరాదను నిషేధము. కుమారుని యింటికో కుమార్తె యింటికో పోవుచు పెట్టెలో నాలుగు రెమ్మలు దాచు తల్లులు ఈ సంగతి గ్రహింపవలెను. విమానాశ్రయపు అధికారి ఆ రెమ్మలను తీసి పారవేయుట పంతముచేత కాదు. అక్కడ నున్నవారు ఆ దేశపు తోటసంస్థలయందే మొక్కను కొని, చలికాలమున ఇంటిలోపల కిటికీ దగ్గర పెట్టుకొందురు.

ఇక కొత్తిమిరి. ధనియము ఒక గింజగా కనబడును గాని రెండు గింజలు కూడిన కాయ. గుడ్డలో వేసి అప్పడాల కఱ్ఱను మెల్లగా దొర్లించినచో రెండు బద్దలగును. వానిని ఒక రాత్రి నానవేసి, అరయంగుళము లోతున వరుసలుగా వేయవలెను. మొలచుటకు ఇంచుమించు పది దినములు పట్టును. అయిదవనాడే మట్టిని కెలికి చూచువారి యింట కొత్తిమిరి మొలవదు. నారు పోసి తీసి నాటుట దీనికి సరిపడదు, తల్లివేరు కదలినచో అలుగును. వంటింటి ధనియములు మిక్కిలి పాతవి కానిచో చక్కగా మొలచును. అంగడినుండి తెచ్చిన విత్తనములకు రంగు పూసియున్నచో అది మందు. మిగిలినవానిని ధనియాల డబ్బాలో ఎన్నడును పోయరాదు. గుంటూరు దగ్గర లాం పరిశోధనాస్థానమునుండి వచ్చిన సాధన, స్వాతి, సింధు రకములు ప్రధానముగా ధనియములకై ఎంచబడినవి. ఆకుకొరకు విత్తువారు అంగడిలో ఆ సంగతి చెప్పి అడుగుట మంచిది.

కొత్తిమిరికి వేడి గిట్టదు. ఎండలు ముదిరినచో ఆకు ఈకలవలె సన్నబడి, నడుమ కాడ లేచి పూతకు వచ్చును. ఎంత నీరు పోసినను ఆగదు. కావున ఆశ్వయుజ కార్తికములనుండి మాఘము వరకు పక్షమునకొక పిడికెడు చొప్పున విత్తుచు పోవుటయే ఉపాయము. ఒక్కసారి గంపెడు విత్తి, ఒక్కసారి గంపెడు కోసి, పొరుగువారికి పంచి, తరువాత అంగడికి పోవుట ఎందులకు? పూతకు వచ్చిన మొక్కను పెరికివేయక తేనెటీగలకు విడువుడు. పచ్చి ధనియములు కాచిన పిదప పచ్చడిలో నాలుగు వేసి నూరి చూడుడు. ఆకు రుచియు, ధనియపు రుచియు రెండును కాని మూడవ రుచి యొకటి తెలియును.

పుదీనకు విత్తనముతో పని లేదు. అంగడి కట్టలో గట్టి కాడలు నాలుగు ఏరి, క్రింది ఆకులు తీసి గ్లాసెడు నీళ్లలో నిలిపినచో వారము పది దినములలో వేళ్లు వచ్చును. దీనిని ఎల్లప్పుడు వేరు కుండీలోనే యుంచవలెను. నేలలో విడిచినచో క్రిందుగా ప్రాకి ప్రక్కమడినంతయు ఆక్రమించును. కొంచెము నీడ, విడువని తేమ దీనికి చాలును. మెంతి యింకను సులభము. మూడునాళ్లలో మొలచి మూడు వారములలో కోతకు వచ్చును. పిల్లలచేత మొదట విత్తింపదగినది ఇదియే. బజ్జీలు వేయుటకు దళసరి ఆకుల వామాకు మొక్కను గూడ పెట్టుకొనవచ్చును. అయితే మనము పొడికొట్టు వాము ఆ మొక్కకు కాయదు. అది వేరు మొక్క, వాసన మాత్రమే ఇంచుమించుగా ఒకటి.

బియ్యము కడిగిన నీరు, పప్పు కడిగిన నీరు వీని కన్నిటికిని పోయవచ్చును. సబ్బునీరును, మురుగునీరును, పచ్చిపేడను పచ్చిగా తిను ఆకుల దరికి రానీయరాదు.

ఇంత శ్రమపడి పెంచిన ఆకును వంటలో వేయవలసిన వేళ తెలియనిచో పడిన శ్రమ పొగతో పోవును. కరివేపాకు తైలము నూనెలో కరగును. కావున పోపే దాని స్థానము. రెమ్మను కడిగి తడి పూర్తిగా తుడిచి, ఆవాలు చిటపటలాడుట ముగియునపుడు వేసి, మంట ఆపి, వెంటనే మూత పెట్టవలెను. మూత లేనిచో వాసన వీధికి పోవును. వీధివారు సంతోషింతురు, కూర సంతోషింపదు. కొత్తిమిరి ఆకును దింపిన తరువాతనే చల్లవలెను. కాడలను పారవేయక చారులో ముందుగా మరిగింపవచ్చును. పుదీనను పచ్చడికై నూనెలో వేయించినపుడు ఆకు ముడుచుకొనువరకే పొయ్యిపై నుంచవలెను. మెంతి ఆకు తీరు వేరు. ఎండిన పిదపను అది వాసన నిలుపుకొనును; మిగిలిన దానిని నీడన ఎండించి దాచుకొనవచ్చును.

పనికి వాడుకొని ప్రక్కకు త్రోసివేయబడిన మనిషిని కూరలో కరివేపాకు అందురు. మన విస్తళ్ల అంచుల నుండియే ఆ మాట పుట్టినది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు పూర్వము ప్రకటించిన పట్టికలో నూరు గ్రాముల కరివేపాకునకు 830 మిల్లీగ్రాముల సున్నపు ధాతువు చూపబడినది. అయితే పోపులో పడు పది ఆకులు ఒక్క గ్రాముకు మించవు, అవియును విస్తరి అంచునకే పోవును. జుట్టు నల్లబరచుననియు, మధుమేహమును మాన్పుననియు చెప్పు మాటలను మేము సమర్థింపజాలము. తినదగిన ఆకును తినునట్లు చేయుట మాత్రము వంట చేయువారి చేతిలోని పని. సన్నగా తరిగి వేసినచో ఏరివేయుట కష్టము. అంతకంటె మంచి మార్గము పొడి.

నాలుగు పిడికెళ్ల ఆకు కడిగి, తుడిచి, ఒక రాత్రి నీడన ఆరవేయవలెను. ఎండలో వేసినచో రంగును పోవును, వాసనయు పోవును. రెండేసి చెంచాల మినపపప్పును, సెనగపప్పును, ఒక చెంచా ధనియములను, అరచెంచా జీలకఱ్ఱను, ఎనిమిది ఎండుమిరపకాయలను దోరగా వేయించి తీసి, అదే మూకుడులో చెంచా నూనె వేసి, సన్నని సెగపై ఆకు గలగలలాడువరకు వేయింపవలెను. ఉసిరికాయంత చింతపండు, తగిన ఉప్పు చేర్చి, చల్లారిన తరువాత దంచి, గాజుసీసాలో మూత బిగించి యుంచవలెను. వేడి అన్నములో నేతితో మొదటి ముద్ద దీనితోనే కలుపుకొనవలెను. ఎక్కువ చేసి దాచరాదు. చెట్టు పెరటిలోనే యున్నది గనుక పక్షమునకు సరిపడునంత చేసికొని, అయిపోయిన పిదప మరల క్రొత్తరెమ్మలు కోసికొనవచ్చును.