పక్క స్థలంలో ఎనిమిది కాపురాలు



ఇవాళ్టి విషయం పేరు వింటే మగవాళ్ళ వ్యవహారమనిపిస్తుంది. భూ వినియోగ మార్పిడి! కాని కాస్త నిదానించి చూస్తే అది మన కుళాయికీ, మన మురుగుకాలవకీ, మన డాబామీద ఆరే వడియాలకీ సంబంధించిన సంగతే.

చాలా పట్టణాలకి మాస్టర్ ప్లాను అని ఒకటుంటుంది. ఎక్కడ ఇళ్ళు, ఎక్కడ దుకాణాలు, ఎక్కడ బడి, ఎక్కడ పార్కు ఉండాలో రంగులు వేసి చూపించే పటం అన్నమాట. మా వీధి చివర 500 గజాల స్థలం ఉంది. ఒకప్పుడు అందులో ఒక ప్రైవేటు బడి నడిచేది. అది మూతపడి చాలా ఏళ్ళయింది. పటంలో మాత్రం ఇంకా బడిగానే ఉంది. దాన్ని నివాస స్థలంగా మార్చమని సొంతదారు అర్జీ పెట్టుకున్నాడు. మారిస్తే కింద వాహనాలకి చోటు వదిలి, పైన నాలుగంతస్తుల్లో ఎనిమిది వాటాలు కడతాడట.

ఇంకేముంది, వీధి రెండు పక్షాలైంది. "పైనుంచి మా పెరట్లోకి చూస్తారు, ఎండ రాదు, కార్లన్నీ మా గుమ్మం ముందే పెడతారు" అని ఒకరు. "అద్దె ఇల్లు దొరక్క జనం తిరుగుతుంటే, ముళ్ళకంపకి కాపలా కాయమంటారా?" అని ఇంకొకరు. వార్డు సమావేశంలోనూ ఇదే వరస. రెండు గంటలు వాదించుకున్నారు గాని, నీళ్ళ మాట ఎత్తినవారు ఒక్కరూ లేరు!

వద్దనేవారి బాధ ఉత్తది కాదు. ఉన్న ఎండా గాలీ పోతాయంటే ఎవరికి కష్టం కాదు? కాని మొత్తానికే వద్దనడానికి నాకు నోరు రాదు. మనమూ ఒకనాడు ఈ వీధికి సామాను దింపుకున్న కొత్తవాళ్ళమే కదూ? ఆస్పత్రిలో నర్సుగా చేసే అమ్మాయి, కొత్తగా కాపురం పెట్టుకున్న జంట, కొడుకు దగ్గరికి వచ్చే ముసలి తల్లిదండ్రులు - వీళ్ళకి ఊరి నడుమ చోటు లేకపోతే ఊరవతలికి పోవలసిందే. అక్కణ్ణించి రోజూ రాకపోకల ఖర్చూ, శ్రమా వాళ్ళవే.

మరేం చెయ్యాలి? ఇలాంటి మార్పు చేసేముందు ప్రకటన వేస్తారు. అందులో "అభ్యంతరాలు, సూచనలు" తెలపమంటారు. మనం మొదటి మాట చదివి రెండోది వదిలేస్తాం. అసలు బలం ఆ రెండో మాటలోనే ఉంది.

వంటింటి లెక్కే వేద్దాం. ఎనిమిది వాటాలు, వాటాకి నలుగురు, మొత్తం ముప్పైరెండు మంది. భూగర్భ మురుగు వ్యవస్థ ఉన్న పట్టణాల్లో మనిషికి రోజుకి 135 లీటర్ల నీళ్ళు కావాలని కేంద్ర ప్రభుత్వ ప్రమాణం. అంటే రోజుకి 4,320 లీటర్లు. అందులో సుమారు ఎనభై శాతం, అంటే దాదాపు 3,450 లీటర్లు, మురుగుగా బయటికి వస్తాయి. మన వీధి గొట్టం ఇంత నీరు ఇవ్వగలదా? మన కాలవ ఇంత మురుగు మొయ్యగలదా? కుళాయి ఎన్నింటికి వస్తుందో, ఎన్ని బిందెలు నిండేసరికి సన్నబడుతుందో, ఏ వానకి ఏ మలుపు దగ్గర మురుగు పొంగుతుందో ఇంట్లో ఉండే ఆడవాళ్ళ కంటే ఎవరికి బాగా తెలుసు? అదే కాగితంమీద పెట్టాలి.

ఇంకొక సంగతి. తెలంగాణలో 2012 నాటి 168వ నంబరు జీవో ప్రకారం ఎంత ఎత్తు కట్టాలో, చుట్టూ ఎంత ఖాళీ వదలాలో స్థలం వైశాల్యాన్ని బట్టీ, రోడ్డు వెడల్పును బట్టీ ఉంటుంది. ఇలాంటి కట్టడాల్లో పదోవంతు భాగాన్ని అనుమతిచ్చే కార్యాలయానికి ముందే రాసివ్వాలి. ప్లాను ప్రకారం కట్టి, నివాసయోగ్య పత్రం తీసుకున్నాకే అది విడుదలవుతుంది. అందుచేత కార్లకి వదిలిన చోట గదులు లేస్తుంటే చూస్తూ ఊరుకోకుండా, అప్పుడే రాసి తెలియజెయ్యాలి. 500 చదరపు మీటర్లు మించని స్థలానికి రెరా చట్టం కింద నమోదు అక్కర్లేదు. మా వీధి స్థలం 418 చదరపు మీటర్లే. కాబట్టి చిన్న స్థలమని తేలిగ్గా తీసుకోకూడదు. చిన్నదానికే ఇరుగుపొరుగు కన్ను ఎక్కువ కావాలి.

2019 నాటి తెలంగాణ మున్సిపాలిటీల చట్టం వార్డుకి నాలుగు కమిటీలుండాలంది. వాటిలో ఒకటి అచ్చంగా మహిళలది, పదిహేను మందితో. మీ వార్డులో అది ఉందా, ఎప్పుడు కూర్చుంటుంది అని కౌన్సిలరు గారిని అడగండి. మనలో ఎంతమందిమి ఎప్పుడైనా అడిగాం?

మా వీధి ఆడవాళ్ళం పదకొండుమందిమి కలిసి కమిషనరు గారికి అర్జీ రాశాం. కొందరికి ఆ వాటాలు ఇష్టం, కొందరికి కాదు. అయినా నాలుగు కోరికల మీద అందరం సంతకం పెట్టాం: గొట్టం పెద్దది చేశాకే కొత్త కుళాయిలివ్వాలి. మురుగుకాలవ ముందు బాగుచెయ్యాలి. వానీరు ఇంకే గుంట తవ్వించాలి. వాహనాలన్నీ లోపలే ఉండాలి. గడువు లోపల ఇచ్చి, రసీదు పుచ్చుకున్నాం. కౌన్సిలు తన తీర్మానం పంపుతుంది, చివరి ఉత్తర్వు ప్రభుత్వానిది. ఏమవుతుందో చూడాలి.

రేపు ఆ ఎనిమిది కాపురాలూ వస్తే వాళ్ళు మన పొరుగువారు. వాళ్ళకీ మనకీ కుళాయి దగ్గర తగువు రాకుండా చూసుకోవడానికి సమయం ఇదే, పునాది తవ్వకముందే. మీ వీధిలో ప్రకటన కాగితం కనిపిస్తే, దయచేసి రెండో మాట కూడా చదవండి.

సెలవు.