కొలువుల గాదెలో తెలుగుకు ఒక గడి

(తళవాయిపురంలో తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మీ ఊరి పేరు పలికినప్పుడల్లా నాకు ఒక కొలువు పేరు వినిపిస్తుంది. మధుర నాయకుల పాలనలో దళవాయి అంటే సేనాధిపతి. ఆయనకు తోడు ప్రధాని, రాతకోతలు చూసే రాయసం ఉండేవారు. ఎవరి చేతికింద ఎవరున్నారు, ఎవరికి ఏ భాష వచ్చు అన్న సంగతి ఆనాడు మనుషుల జ్ఞాపకంలోనూ తాటాకుల్లోనూ ఉండేది. ఇవాళ అది కంప్యూటరులో ఉంటోంది. కంప్యూటరులో లేనిది ప్రభుత్వానికి కనబడదు. కనబడనిదానికి అది నిధులూ ఇవ్వదు, మనిషినీ నియమించదు. నేను చెప్పదలచినది ఈ ఒక్క విషయమే.

తమిళనాడు ప్రభుత్వోద్యోగుల జీతభత్యాలు, సెలవులు, సర్వీసు రిజిస్టర్లు అన్నింటినీ ఒకేచోట చేర్చిన వ్యవస్థను ఇంగ్లీషు పొడి అక్షరాల్లో ఐ.ఎఫ్.హెచ్.ఆర్.ఎం.ఎస్. అంటారు. ఉద్యోగులు చేతిఫోనులో వాడుకొనే దాని రూపానికి 'కళంజియం' అని పేరు పెట్టారు. కళంజియం అంటే గాదె. తమ పాలనా యంత్రానికి తమ నుడిలో పేరు పెట్టుకున్న తమిళ సోదరులను మెచ్చుకోవలసిందే. 1966లోనే అధికార భాషా చట్టం చేసుకొన్న ఆంధ్రప్రదేశ్‌లో ఇటువంటి వ్యవస్థ 2018లో వచ్చింది. దాని పేరు సి.ఎఫ్.ఎం.ఎస్. ఆ నాలుగు అక్షరాలకు తెలుగు మాట వెదకాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు కాబోలు.

నేను ఆంధ్రదేశంలో సర్వీసు రిజిస్టర్ల మధ్యనే ఉద్యోగకాలం గడిపినవాణ్ణి. పాత రిజిస్టరులో ఉద్యోగి ఎత్తు, పుట్టుమచ్చలు మొదలుకొని ఉత్తీర్ణుడైన శాఖాపరమైన పరీక్షలు, భాషా పరీక్షల దాకా చేతితో రాసేవారు. వాటిని కంప్యూటరులోకి ఎక్కించే రోజుల్లో నేనున్న కార్యాలయంలో ఏమి జరిగిందో చెబుతాను. పుట్టినతేదీ, మూలవేతనం, బ్యాంకు ఖాతా సంఖ్య పొల్లుపోకుండా ఎక్కాయి. భాషా పరీక్షల గడులు మాత్రం ఖాళీగా మిగిలాయి. అవి లేకపోయినా జీతం బిల్లు ఆగదు మరి! జీతాల కోసం పుట్టిన వ్యవస్థకు జీతంతో సంబంధంలేని సంగతులు పట్టవు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. అందుకే దీన్ని సరిదిద్దడం కష్టం. ఎవరిని నిందించాలో తెలియదు గనుక.

ఈ వ్యవస్థల్లో పోస్టు వేరు, మనిషి వేరు. ముందు మంజూరైన పోస్టును నమోదు చేస్తారు. ఆ తరువాత అందులో ఒక మనిషిని కూర్చోబెడతారు. మనిషి పదవీ విరమణ చేసినా పోస్టు తన లక్షణాలతో నిలిచి ఉంటుంది. ఏ ఊరు, ఏ హోదా, ఏ విషయం అన్నవే ఆ లక్షణాలు. ఇక్కడే మన ప్రాణం ఉంది. ఒక బడిలో తెలుగు చెప్పే అయ్యవారున్నారనుకోండి. 'తెలుగు' అన్న మాట ఆయన పోస్టుకు అంటుకొని ఉంటే ఆయన తరువాత తెలుగు వచ్చిన మరొకరు రావాలి. అది ఆయన అర్హతలకు మాత్రమే అంటుకొని ఉంటే ఆయనతోపాటే తెలుగూ పదవీ విరమణ చేస్తుంది. మరునాటి ఖాళీల పట్టికలో అది ఉత్త ఉపాధ్యాయ పోస్టు. బడిలో తెలుగు ఎత్తివేస్తున్నామని ఉత్తర్వు రాదు. ఉత్తర్వే లేనప్పుడు దేనిమీద కోర్టుకు వెళ్ళగలం?

1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రులు ఒక సూత్రానికి ఒప్పుకొన్నారు. ఒక మాతృభాష పిల్లలు బడి మొత్తంలో 40 మంది గానీ, ఒక తరగతిలో 10 మంది గానీ ఉంటే ప్రాథమిక దశలో ఆ భాషలో చెప్పే ఉపాధ్యాయుణ్ణి నియమించాలి. అప్పుడు మద్రాసు రాష్ట్రాన్ని ఏలుతున్నది మీ పక్కనున్న రాజపాళయం బిడ్డ, పి.ఎస్. కుమారస్వామి రాజా. 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించమంది. అయితే ఆ 40ని, ఆ 10ని లెక్కించేది ఎవరు? తల్లిదండ్రులు అర్జీలు పట్టుకొని తిరగవలసి వచ్చేది. ఇప్పుడా అవసరం లేదు. 2022-23 నుంచి దేశమంతటా యూడైస్ ప్లస్‌లో ఒక్కొక్క విద్యార్థి వివరం విడిగా నమోదవుతోంది. అందులో మాతృభాషకూ గడి ఉంది. తమిళనాడు బడులకు ఎమిస్ అనే సొంత వ్యవస్థ కూడా ఉంది. పిల్లల సంఖ్యను బట్టి ఎన్ని ఉపాధ్యాయ పోస్టులు ఉండాలో, ఎవరు మిగులో తేల్చడానికి ఆ లెక్కలే ఆధారం. మిగులును క్షణంలో తేల్చగల యంత్రం, తెలుగు పిల్లలు పదిమంది ఉన్న తరగతిని కూడా క్షణంలో చూపగలదు. అడిగేవారు కావాలి, అంతే.

2006 తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతితో మొదలై 2015-16 నాటికి పదో తరగతికి చేరింది. మొదటి భాష స్థానంలో తమిళం తప్పనిసరి అయ్యాక భాషా అల్పసంఖ్యాకుల పిల్లలు ఏటా కోర్టుల నుంచి మినహాయింపులు తెచ్చుకొని పరీక్షలు రాయవలసి వచ్చింది. తమిళనాట బతికే పిల్లలకు తమిళం రావాలన్నది న్యాయమే. మీకందరికీ వచ్చు కూడా. తెలుగు పోవడమే అన్యాయం.

ఉద్యోగాల్లోనూ ఇదే తంతు. భాషా అల్పసంఖ్యాకుల రక్షణల ప్రకారం రాష్ట్ర భాష రాదని ఎంపిక ముందే ఎవరినీ ఆపకూడదు. ఎంపికయ్యాక ప్రొబేషను ముగిసేలోగా పరీక్ష పెట్టవచ్చు. 2021 డిసెంబరులో వచ్చిన ఉత్తర్వు ఎంపిక పరీక్షలోనే తమిళ పత్రాన్ని పెట్టి, 40 శాతం మార్కులు తప్పనిసరి చేసింది. సరే, తమిళం వచ్చినట్లు నమోదవుతుంది. తెలుగు కూడా వచ్చిన గుమాస్తా, నర్సు, గ్రామ పాలనాధికారి ఎవరో ఎక్కడ నమోదవుతుంది? 2011 జనాభా లెక్కల్లో తమిళనాట తెలుగువారు సుమారు 42 లక్షలు, అంటే 5.87 శాతం. తెలుగు మాత్రమే తెలిసిన ముసలవ్వ ఆసుపత్రికి వస్తే ఆమె మాట తెలిసిన నర్సు అదే జిల్లాలో ఉండవచ్చు. బదిలీలు చూసే అధికారి ముందున్న తెర ఆ సంగతి చెప్పదు.

ఆంధ్రప్రదేశ్‌కూ ఇదే మాట చెప్పాలి. చిత్తూరు వైపు తమిళ బడులు, అనంతపురం వైపు కన్నడ బడులు, ఇచ్ఛాపురం వైపు ఒడియా బడులు ఉన్నాయి. అక్కడి తమిళ అయ్యవారి పోస్టును తెలుగు పోస్టుగా మారనిస్తే, ఇక్కడ తెలుగు పోస్టు నిలపమని అడిగే నోరు మనకుండదు.

మాతృభాష గడి వల్ల ప్రమాదం లేదా అని ఇందాక ఒక తమ్ముడు అడిగాడు. ఉంది. మనిషిని వేరుచేయడానికీ అదే గడి పనికివస్తుంది. అందుకే ఉద్యోగి విషయంలో మాతృభాష ఏదని కాక, చదవనూ రాయనూ మాట్లాడనూ వచ్చిన భాషలేవని అడగాలంటాను. అది నైపుణ్యం, కులంలాగా పుట్టుకతో వచ్చిన ముద్ర కాదు. పోస్టుకు మాత్రం భాష తప్పనిసరి లక్షణంగా నమోదు కావాలి. దాన్ని మార్చాలంటే కారణం చూపిన రాతపూర్వక ఉత్తర్వు ఉండాలి.

రాష్ట్ర ప్రభుత్వానికి విన్నపం పంపడం పెద్దల పని. మీరు చేయగలిగింది ఇంకా దగ్గరలో ఉంది. జూనులో బిడ్డను బడిలో చేర్చేటప్పుడు మాతృభాష ఏదని అడుగుతారు. అడగకుండానే 'తమిళం' అని నింపినా నింపుతారు. ఆ కాగితాన్ని ఒకసారి చేతిలోకి తీసుకొని చూడండి. తెలుగు అని రాయించండి. తెరమీద కూడా అలాగే ఎక్కిందో లేదో ప్రధానోపాధ్యాయుణ్ణి అడిగి చూసి రండి. పోస్టుల లెక్క ఆగస్టు 1 నాటి సంఖ్యలతో తేలుస్తారు గనుక జూలై దాటకముందే ఈ పని ముగించండి.