కారణము తెలిసిన చదువు
(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగ పాఠము)



"చేతిపని నేర్పిన చాలును, భౌతికశాస్త్రము, శరీరధర్మశాస్త్రము మా పిల్లలకు ఎందుకు?" అని కొందరు తలిదండ్రులు మమ్ము అడుగుచుందురు. సముద్రమున మునిగి పనిచేయు డైవర్ల శిక్షణను ఉదాహరణముగా గైకొని సమాధానము చెప్పదలచితిమి. వీపున గాలి సిలిండరు కట్టుకొని నీట దిగు స్కూబా డైవరునకు ఈత ఒక్కటే చాలదు. ఈ రెండు శాస్త్రముల మూలసూత్రములను గూడ నేర్చి పరీక్షలో నెగ్గవలెను.

2001 ఫిబ్రవరిలో మూతపడిన మన బంగారు గనులలో ఛాంపియన్ రీఫ్ గని లోతు సుమారు 3,200 మీటర్లు. మన తాతలు, తండ్రులు అంత లోతు దిగినను, అచట అదనముగా పెరిగిన గాలి పీడనము ఒక వాతావరణ పీడనములో సగమైనను లేదు. నీటిలోనో, 10 మీటర్లు దిగినంతనే ఒక పూర్తి వాతావరణ పీడనము అదనముగా మీద పడును. నీరు గాలికంటె సుమారు 800 రెట్లు బరువైనది గదా! మన జిల్లా బావులలో లోతుగా మునిగిన బాలునకు చెవులు నొచ్చుటకు ఇదియే కారణము.

పీడనము రెట్టింపైనచో వాయువు ఘనపరిమాణము సగమగునని బాయిలు నియమము. పైకి వచ్చునపుడు అది తిరిగి వ్యాకోచించును. 10 మీటర్ల లోతున సిలిండరు గాలిని నిండుగా పీల్చి, ఊపిరి బిగబట్టి పైకి వచ్చువాని ఊపిరితిత్తులు చిట్లి ప్రాణము పోవచ్చును. కావున ఊపిరి బిగబట్టరాదనుట డైవరునకు తొలి పాఠము. లోతున చాలసేపు ఉన్నవాని రక్తములో నత్రజని ఎక్కువగా కరగును. అతడు త్వరపడి పైకి వచ్చినచో, మూత తీసిన సోడాబుడ్డిలో వలె బుడగలు పుట్టును. దీనిని తప్పించుటకు ఆగి ఆగి పైకి వచ్చు పద్ధతిని జాన్ స్కాట్ హాల్డేన్ తన సహచరులతో కలిసి 1908లో ప్రకటించెను. గనులలోని విషవాయువులను పరిశోధించినదియు ఆయనయే.

ఊపిరి తీయవలెనను తహతహ ప్రధానముగా రక్తములో బొగ్గుపులుసు వాయువు పెరుగుట వలన కలుగునని 1905లో హాల్డేన్, ప్రీస్ట్లీ అనువారు చూపిరి. ఇది మన ఇండ్లకు సంబంధించిన విషయము. ఎవరు ఎక్కువసేపు మునిగియుందురో యని పిల్లలు బావులలో, చెరువులలో పందెములు వేసికొందురు. మునుగుటకు ముందు వడివడిగా పలుమారు గాఢముగా ఊపిరి తీసినచో ఆ వాయువు తగ్గిపోవును. ప్రాణవాయువు మాత్రము అంతగా పెరుగదు. నీటిలో ప్రాణవాయువు అయిపోవుచున్నను తహతహ పుట్టదు. బాలుడు ముందు హెచ్చరిక లేకయే స్పృహ తప్పును. గట్టున ఉన్నవారికి వాడింకను పందెము గెలుచుచున్నట్లే తోచును.

పందెము వద్దని కసరిన మాటను పిల్లవాడు ఏటిగట్టుననే మరచును. కారణమెరిగినవాడు మరువడు. కారణము మనసున నాటుటకు ఇంటి భాషకంటె మేలైన సాధనము లేదు. అందువలననే పీడనమును, నత్రజనిని మేము తెలుగున బోధించుచున్నాము. పై చదువులకు, శిక్షణలకు అవసరమగు ఆంగ్ల నామములను గూడ వెంటనే నేర్పుచున్నాము.

తలిదండ్రులకు మా మనవి యొక్కటే. మార్కులు అడుగుటకు ముందు "ఎందుకు?" అని అడుగుడు. పిల్లలు తమ మాటలలో చెప్పగలిగినచో పాఠము వచ్చినట్లు. చెప్పలేకపోయినచో మా వద్దకు పంపుడు, మరల చెప్పెదము.