గ్రంథాలయములో చిన్న యంత్రము, స్వేచ్ఛా వ్యవస్థ
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయమనగా పుస్తకముల బీరువా మాత్రమే కాదు. ఏ పుస్తకము ఎవరి వద్ద నున్నది, ఎప్పుడు తిరిగి రావలెను, ఎవరు చందా చెల్లించిరి, ఏది చిరిగినది, ఈ లెక్కలన్నియు సరిగా నున్నప్పుడే బీరువా గ్రంథాలయమగును. ఇరువదియైదేండ్ల లెక్కలను చెదలనుండి కాపాడుట ఎంత కష్టమో గ్రంథపాలకునికి తెలియును. నేడు ఆ లెక్కలు కంప్యూటరులోనికి చేరుచున్నవి. చెదల భయము తీరినది గాని దాని చోట మరియొక భయము వచ్చినది. యంత్రము చెడకయే దానిలోని వ్యవస్థకు కాలము చెల్లిపోవుటయే ఆ భయము.

కంప్యూటరు చేత పని చేయించునది ఆపరేటింగ్ సిస్టమ్, అనగా నిర్వాహక వ్యవస్థ. 1984లో రద్దగు వరకు పల్లెలలో కరణీకముండెను. ఏ పొలము ఎవరిది, శిస్తు ఎంత అను లెక్క కరణము చేతిలో నుండెడిది. ఆ లెక్క లేక ఊరిలో ఏ పనియు సాగనట్లే, నిర్వాహక వ్యవస్థ లేక యంత్రములో ఒక్క అక్షరమైనను కదలదు. కరణము వ్రాసిన లెక్క మరెవరికిని చదువరానిదైనచో ఊరికి ఎంత చిక్కో, వ్యవస్థ లోగుట్టు ఒక్క కంపెనీకే తెలిసియుండుట యంత్రము కొన్నవారికి అంత చిక్కు.

ఒక ఉదాహరణము. ఆపిల్ కంపెనీ 2005 జనవరిలో మాక్ మినీ అను చిన్న కంప్యూటరును వెలువరించెను. ఆరున్నర అంగుళముల చదరము, రెండంగుళముల ఎత్తు. 2009లో దానినే సర్వరు పనికై ప్రత్యేకముగా రూపొందించి అమ్మెను. సర్వరనగా చలివేంద్రములోని కుండ వంటిది. తక్కిన యంత్రములును చేతిఫోనులును అడిగినప్పుడెల్ల అడిగినది అందించుచు రేయింబవళ్లు మేల్కొనియుండవలెను. 2014లో ఆ సర్వరు రకమును కంపెనీ మానివేసినది. 2022 ఏప్రిల్ 21న సర్వరు సాఫ్టువేరును కూడ నిలిపివేసినది. 2012 నాటి మాక్ మినీకి కంపెనీ యిచ్చిన కడపటి వ్యవస్థ 2019లో వెలువడిన కాటలీనా. యంత్రము చక్కగా తిరుగుచునే యున్నది గాని దొంగలనుండి కాపాడు సవరణలు దానికి అందుట లేదు. ఇది ఒక్క కంపెనీ తీరు కాదు. మైక్రోసాఫ్టు వారి విండోస్ 10కి సాధారణ పోషణ 2025 అక్టోబరు 14న ముగిసినది. ఆ కారణముననే పని చేయగల యంత్రములెన్నో మూలబడుచున్నవి.

ఇల్లు గట్టిగా నున్నప్పుడు తాళము పాడైనదని ఇల్లు విడిచిపోవు వారుండరు, తాళము మార్చుకొందురు. యంత్రమునకును ఆ దారి కలదు. 1983లో అమెరికాలో రిచర్డు స్టాల్‌మన్ గ్ను అను ఉద్యమమును ప్రకటించెను. సాఫ్టువేరును ఎవరైనను వాడుకొనుటకు, చదువుటకు, దిద్దుటకు, నకలు తీసి పంచుటకు హక్కుండవలెనని దాని సిద్ధాంతము. 1991లో ఫిన్లాండులో లైనస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి లినక్సును ఆరంభించెను. ఈ రెంటి కలయికతో 1993లో మొదలైన డెబియన్ వంటి సంపూర్ణ వ్యవస్థలు పుట్టినవి. వీనికి ధర లేదు. అంతకన్న ముఖ్యము, వీనికి ఒక్క యజమాని లేడు. ఒకరు విడిచినను మరియొకరు దిద్దుకొనగలరు.

కడప జిల్లా వారికి ఈ సంగతి క్రొత్త కాదు. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌను తాటాకు ప్రతులను సేకరించి, పండితులకు జీతములిచ్చి, ప్రతికి ప్రతిని పోల్చి తప్పులు దిద్దించి నకళ్లు వ్రాయించెను. నకలు తీయుటకును, దిద్దుటకును అడ్డు లేకపోవుట చేతనే ఆ గ్రంథములు బ్రతికినవి. స్వేచ్ఛా సాఫ్టువేరు బ్రతుకుచున్నదియు ఆ మార్గముననే. తెలుగునాట 2005లో స్వేచ్ఛ అను పేరుతో తెలుగు వ్యవస్థ వెలువడినది. 2007లో కేంద్ర ప్రభుత్వ సంస్థయైన సీడాక్ డెబియన్ ఆధారముగా బాస్ అను వ్యవస్థను విడుదల చేసినది. కావున తెలుగు చదువుకొన్న వారికి ఈ దారి మూసియుండలేదు.

ఇక పని విధానము. మొదట యంత్రములోని పాత దస్త్రములన్నిటికిని వేరొక డిస్కులో నకలు తీయవలెను. క్రొత్త వ్యవస్థ పాతదానిని తుడిచివేయును. వేరొక కంప్యూటరులో డెబియన్‌ను దించుకొని చిన్న యు.ఎస్.బి. పుల్లలోనికి ఎక్కించవలెను. మాక్ మినీకి దానిని తగిలించి, ఆప్షన్ అను మీటను నొక్కిపట్టి యంత్రమును వెలిగించినచో ఏ వ్యవస్థతో మొదలుపెట్టవలెనో అది అడుగును. 2014 వరకు వచ్చిన రకములలో ఇది సులభము. 2018 రకములో బయటి పుల్లనుండి మొదలగుటకు ముందుగా రక్షణ అమరికలలో అనుమతి ఈయవలెను. తీగలేని వై-ఫైకి వేరుగా డ్రైవరు కావలసివచ్చును గాని సర్వరునకు తీగ కలుపుటయే మేలు. ఆ చిక్కే యుండదు.

ఎర్రగుంట్ల ప్రాంతమున తలచుకొనవలసినవి మూడు కలవు. మొదటిది ఎండ. ఈ యంత్రము 35 డిగ్రీల వేడి వరకు పనిచేయునని తయారీదారుల మాట. ఇచ్చటి వేసవి 40 డిగ్రీలను దాటును. లినక్సులో పంకా వేగమును చూచు చిన్న ప్రోగ్రామును అదనముగా చేర్చవలెను. యంత్రమును బీరువాలో మూసిపెట్టక, నీడపట్టున నాపబండపై గాలి తగులునట్లు ఉంచవలెను. రెండవది దుమ్ము. సిమెంటు కర్మాగారములును నాపరాతి గనులును గల సీమ యిది. నెలకొకమారు గాలిరంధ్రములను తుడువక తప్పదు. మూడవది కరెంటు. 2012 రకము పని లేనప్పుడు 11 వాట్లు, అత్యధికముగా 85 వాట్లు వాడును. కావున చిన్న యు.పి.ఎస్. కూడ దానిని కొంతసేపు నిలుపగలదు. కరెంటు పోయి వచ్చిన తరువాత తనంతట తాను లేచుటకు ఆపిల్ వ్యవస్థలో అమరిక కలదు. లినక్సులో ఒక చిన్న ఆజ్ఞను ప్రతి ఆరంభమునను నడుచునట్లు వ్రాసిపెట్టవలెను. అది మరచినచో తెల్లవారి వచ్చిన చందాదారునికి నిద్రించుచున్న యంత్రము ఎదురగును.

ఈ శ్రమకు ఫలమేమి? కోహా అను గ్రంథాలయ సాఫ్టువేరు న్యూజీలాండులోని ఒక గ్రామీణ గ్రంథాలయ సంస్థ కొరకు తయారై, 2000 జనవరిలో వాడుకకు వచ్చెను. మావోరీ భాషలో ఆ మాటకు కానుక యని అర్థము. అది డెబియన్‌పై ఉచితముగా నడచును. పుస్తక జాబితా, చందాదారులు, ఇచ్చిపుచ్చుకొనుటలు అన్నియు దానిలో ఇమిడియుండును. కివిక్స్ అను మరియొక సాధనముతో, 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాను ఇంటర్నెట్ లేకయే గ్రంథాలయములోని ఫోనులకు అందించవచ్చును. బడిపిల్లవాడు డేటా ఖర్చు లేక చదువుకొనును. చదువరి ఏ పుస్తకము తీసికొనెనో ఆ వివరము ఊరు దాటి పోదు.

అయినను ఒక హెచ్చరిక అవసరము. ధర లేని వ్యవస్థకు శ్రద్ధ అను ధర కలదు. దీనిని తెలిసినవారు ఊరిలో ఒక్కరే యుండి, వారు ఉద్యోగమునకై బెంగుళూరు వెళ్లినచో, యంత్రము మరల చదువరాని లెక్క యగును. ఒక కంపెనీకి బదులు ఒక మనిషి చేతిలో చిక్కినట్లగును. కావున ఇద్దరైనను నేర్వవలెను. చేసిన ప్రతి పనిని తెలుగులో ఒక నోటుపుస్తకమున వ్రాయవలెను. సంకేతపదములను ముద్రవేసిన కవరులో కార్యదర్శి భద్రపరచవలెను. వారమునకొకమారు లెక్కల నకలు వేరొక డిస్కులోనికి తీసి, దానిని వేరొక ఇంట ఉంచవలెను. మూడు నెలలకొకమారు ఆ నకలు తెరచుకొనుచున్నదో లేదో చూడవలెను. ఈ ఏర్పాట్లు చేయలేని గ్రంథాలయము కాగితపు రిజిస్టరును విడువకుండుటయే మంచిది.

కర్నూలులో 1883లో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గ్రంథాలయోద్యమమునకును వయోజనవిద్యకును తన జీవితమును ధారపోసెను. అక్షరము రానివాడు ఇతరులు చదివి వినిపించిన పత్రముపై వేలిముద్ర వేయు దుస్థితి పోవలెనని వయోజనవిద్య ఆశయము. నేడు అక్షరములు వచ్చినవారు సైతము, చదువని ఒప్పందములకు తెరపై అంగీకారపు మీట నొక్కుచున్నారు. అదియు వేలిముద్రయే. ఎర్రగుంట్ల యువకులిద్దరు ఒక పాత యంత్రమును విప్పి, చదివి, స్వేచ్ఛా వ్యవస్థ నెక్కించి, ఊరి లెక్కను ఊరిచేతనే నడిపించినచో, ఆ వేలిముద్ర స్థానమున సంతకము చేసినవారగుదురు. అట్టి సంతకము నేర్పుట గ్రంథాలయము పని.