కప్పు గెలిచింది, ఊరు వదిలింది: హైదరాబాద్ ఎఫ్‌సీ కథ

తిరుపతి, చిత్తూరు నుంచి చూస్తున్న మనోళ్లకి ముందుగా ఒక ప్రశ్న. ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలిచిన మన తెలుగు టీమ్ ఏది? ఐపీఎల్ కాదబ్బా, నేనడిగేది ఫుట్‌బాల్. పేరు హైదరాబాద్ ఎఫ్‌సీ. 2019లో పుట్టింది, 2022లో ఛాంపియన్ అయింది, 2025లో హైదరాబాద్‌నే వదిలేసింది. మొత్తం ఆరేళ్లు. ఏం జరిగిందో చూద్దాం.

అసలు హైదరాబాద్‌కి ఫుట్‌బాల్ కొత్తేం కాదు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్. దాని కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమే 1951లో, 1962లో మన దేశానికి ఏషియన్ గేమ్స్ గోల్డ్ తెచ్చారు. 'మైదాన్' సినిమాలో అజయ్ దేవగణ్ చేసింది ఆయన పాత్రే.

ఇక 2019కి వద్దాం. పుణె సిటీ క్లబ్ మూతపడింది, ఆ ప్లేస్‌లోకి హైదరాబాద్ వచ్చింది. గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియం హోమ్ గ్రౌండ్. మొదటి మ్యాచ్‌లోనే కోల్‌కతా చేతిలో 5-0తో ఓటమి. ఆ సీజన్ 18 మ్యాచ్‌ల్లో గెలిచింది రెండే. ఆఖరి స్థానం.

2020లో స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ వచ్చాడు. కుర్రాళ్లని నమ్మాడు. ఐదో స్థానం, ఆ తర్వాత రెండో స్థానం. 2022 మార్చి 20న ఫైనల్, ఎదురుగా కేరళ బ్లాస్టర్స్. 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోల్ కొట్టి స్కోరు 1-1 చేశాడు. పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు షాట్లు ఆపేశాడు. 3-1తో కప్పు మనది!

కానీ ఇక్కడే ఒక విషయం గమనించండి. ఆ ఫైనల్ జరిగింది గోవాలో. కరోనా వల్ల రెండు సీజన్లు మొత్తం అక్కడే ఆడించారు. అంటే టీమ్ ఎదిగిన ఆ రెండేళ్లు, సొంతూరి స్టేడియంలో జనం ఒక్క మ్యాచ్ కూడా చూడలేదు! అభిమానం పెరగాల్సిన టైమ్‌లో గచ్చిబౌలి స్టాండ్లలో మ్యాచే లేదు.

2022-23లో మళ్లీ రెండో స్థానం. పైకి అంతా బాగుంది. లోపల డబ్బు లేదు. మార్కెజ్ ఎఫ్‌సీ గోవాకి వెళ్లిపోయాడు. 2023-24లో జీతాలు అందక ప్లేయర్లు ఒక్కొక్కరే బయటికి నడిచారు. బాకీలు తీర్చలేదని కొత్త ప్లేయర్లని తీసుకోకుండా ఫిఫా బ్యాన్ పెట్టింది. మిగిలిన కుర్రాళ్లతోనే సీజన్ లాక్కొచ్చారు. గెలిచింది ఒకే ఒక్క మ్యాచ్. 2024లో ఓనర్లు మారారు, 2025లో క్లబ్ ఢిల్లీకి వెళ్లి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది.

ఇలాంటిది మనకి ఇంకోటి గుర్తుందా? డెక్కన్ ఛార్జర్స్! 2009లో ఐపీఎల్ కప్పు, అది కూడా సౌతాఫ్రికాలో. 2012లో టీమే రద్దు. కాకపోతే అది క్రికెట్ కాబట్టి వెంటనే సన్‌రైజర్స్ వచ్చింది. ఫుట్‌బాల్‌కి అలా ఎవరూ రాలేదు.

అందుకే నేను చెప్పేది ఒకటే. కప్పు ఒక్క రాత్రిలో గెలవొచ్చు, క్లబ్ నిలబడాలంటే మాత్రం ప్రతి నెలా జీతం పడాలి, ప్రతి వారం జనం రావాలి. మీరు ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండ్‌లో ఆడే కుర్రాళ్లయినా సరే, రేపు ఏదైనా టీమ్ పిలిస్తే జెర్సీ రంగు చూసి మురిసిపోవద్దు. కాంట్రాక్ట్ పేపర్ మీద ఉందా, డబ్బు ఏ తేదీకి వేస్తారు, ఆపేస్తే ఎవరిని అడగాలి, ఇవి ముందే తేల్చుకోండి. ఇంకో మాట. మీ ఊళ్లో లోకల్ మ్యాచ్ జరిగితే ఒక గంట వెళ్లి చూడండి. టీమ్ నిలబడేది అక్కడే.

మన జిల్లాలో ఫుట్‌బాల్ ఎక్కడెక్కడ ఆడుతున్నారో కామెంట్ చేయండి. మళ్లీ కలుద్దాం, ఉంటా!